వెన్నులోని వెన్న

కొల్లేటి ప్రాంతంలో చేపలు పట్టే రోజుల్లో తెల్లవారక ముందే చెరువుగట్ల మీద లారీలు బారులు తీరుతాయి. మంచుగడ్డలతో నింపిన చేపల పెట్టెలను భుజాల కెత్తుకొని లారీలలోకి చేర్చే కూలీలకు నడుమునొప్పి కొత్త సంగతి కాదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల బజారులో బస్తాలు మోసే ముఠా కార్మికులకూ అంతే. ఇటువంటివారు నొప్పి భరించలేక ఏలూరు ఆసుపత్రులకు వచ్చినప్పుడు, చాలామంది విషయంలో కారణం కండరం బెణకటమో, వెన్నుపూసల మధ్యనుండే డిస్కు జారటమో అయి ఉంటుంది. కాని కొద్దిమందిలో సంగతి వేరు. బరువు మోయటానికీ ఆ నొప్పికీ సంబంధం ఉండదు. వెన్నుపూసలోనే క్షయ సూక్ష్మజీవులు చేరి ఎముకను లోపలినుంచి తొలుస్తూ ఉంటాయి.

ప్రపంచంలోని క్షయరోగులలో సుమారు నాలుగోవంతు మంది మన దేశంలోనే ఉన్నారు. క్షయ అనగానే ఊపిరితిత్తులు గుర్తుకు వస్తాయి గాని, అది వెన్నుకు సోకటం కూడా అరుదేమీ కాదు. గూనితోపాటు కాళ్ళు చచ్చుబడే ఈ వ్యాధిని 1779లో పెర్సివల్ పాట్ అనే లండను శస్త్రవైద్యుడు వర్ణించినాడు. దానికి కారణమైన సూక్ష్మజీవిని కోఖ్ కనుగొనటానికి మరి నూరేళ్ళు పైగా పట్టింది. ఈ జబ్బును తొలిదశలో పట్టుకోగలిగితే చాలామందికి మాత్రలతోనే నయమవుతుంది. ఆలస్యమైతే పూస కుంగిపోయి, చీము వెన్నుపామును నొక్కి, మనిషి నడక పోగొట్టుకొంటాడు. కనుక వైద్యునికి కావలసినది ఒక్కటే: ఎముక కూలకముందే దానిలోపల జరుగుతున్నదేమిటో చూపే బొమ్మ.

ఆ బొమ్మను ఇచ్చేది ఎం.ఆర్.ఐ. యంత్రం. అది ఎముకను చూడదు, ఉదజనిని చూస్తుంది. మన శరీరంలో ఉదజని ముఖ్యంగా రెండుచోట్ల ఉన్నది: నీటిలో, క్రొవ్వులో. చిక్కంతా ఇక్కడే వచ్చింది. వెన్నుపూసను చాలామంది ఎండిన కట్టెవంటి దానినిగా ఊహించుకొంటారు గాని, అది తేనెపట్టు వంటిది. దాని గదులలో మూలుగ నిండి ఉంటుంది. రక్తకణాలను తయారుచేసే ఎర్రమూలుగలో సైతం నూటికి సుమారు నలభైవంతులు క్రొవ్వే. వయస్సు మీరినకొద్దీ ఆ పాలు ఇంకా పెరుగుతుంది. మామూలు ఎం.ఆర్.ఐ. బొమ్మలలో ఒక రకం దానిలో క్రొవ్వు తెల్లగా కనిపిస్తుంది. రోగం సోకినచోట నీరు చేరుతుంది గనుక ఆ భాగం నల్లగా ఉంటుంది. రోగాన్ని ఇంకా స్పష్టంగా చూడాలని వైద్యులు నరంలోకి గెడోలినియం అనే లోహంతో చేసిన మందును ఎక్కిస్తారు. చీముగడ్డ అంచులూ, వాచిన కణజాలమూ ఆ మందును పీల్చుకొని తెల్లబడతాయి. చుట్టూ ఉన్న క్రొవ్వు ముందే తెల్లగా ఉన్నది! తెల్లగోడ మీద సున్నంతో రాసినట్లయింది. మందు ఎక్కించకముందు నల్లగా కనిపించిన రోగం, మందు ఎక్కించిన తరువాత కనిపించకుండా పోయే ప్రమాదం ఏర్పడింది.

అందుచేత వెన్నులోని ఆ వెన్నను బొమ్మలోనుంచి తీసివేయాలి. ఈ పనిని ఎట్లా చేయాలన్నదానికి 1984, 85 సంవత్సరాలలో, ఏడాది రెండేళ్ళ వ్యవధిలోనే, మూడు వేర్వేరు జవాబులు వచ్చినవి. ఆ మూడింటి మూలాలు మాత్రం ఇంకా వెనుక, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ఉన్నవి.

1945 డిసెంబరులో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో పర్సెల్, టోరీ, పౌండ్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక పాత్రలో పారఫిన్ మైనం నింపి బలమైన అయస్కాంతం మధ్య ఉంచారు. రేడియో తరంగాలను పంపుతూ అయస్కాంత బలాన్ని మెల్లగా మార్చగా, ఒకానొక బలం దగ్గర మైనంలోని ఉదజని కేంద్రకాలు ఆ తరంగాల శక్తిని గ్రహించినవి. కొద్ది వారాలకే, 1946 జనవరిలో, అదే దేశపు పడమటి తీరాన స్టాన్‌ఫర్డులో బ్లాక్, హాన్సెన్, పకార్డ్ అనేవారు మరొక పద్ధతిలో అదే ఫలితాన్ని పొందారు. వారు వాడినది నీరు. కేంద్రక అయస్కాంత అనునాదం అనే ఈ విషయానికి పర్సెల్, బ్లాక్‌లకు 1952లో నోబెల్ బహుమానం లభించింది. మైనం క్రొవ్వుకు దగ్గరి చుట్టం. రెండింటిలోనూ కర్బనపు గొలుసులకు ఉదజని అంటిపెట్టుకొని ఉంటుంది. అనునాదం మొట్టమొదట ఒకచోట క్రొవ్వువంటి పదార్థంలో, మరొకచోట నీటిలో వినిపించిందన్న మాట. నలభై ఏళ్ళ తరువాత ఈ రెండింటినీ విడదీయటానికి వైద్యులు తంటాలు పడవలసి వస్తుందని అప్పుడెవరూ ఊహించి ఉండరు.

బ్లాక్ బృందం చేసిన మరొక చిన్న పనిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కేంద్రకాలు ఒకసారి శక్తిని గ్రహించిన తరువాత తిరిగి తమ పూర్వస్థితికి రావటానికి కొంత కాలం తీసుకొంటాయి. దీనిని విశ్రాంతి కాలం అంటారు. నీటిలో ఇది సెకన్లకొద్దీ ఉంటుంది. అంతసేపు కాచుకొని ఉండటం కష్టమని వారు నీటిలో కొంచెం ఫెర్రిక్ నైట్రేటు కలిపారు. ఇనుము అయాన్లలోని జతపడని ఎలక్ట్రాన్లు చిన్న అయస్కాంతాల వలె పనిచేసి, పక్కనున్న నీటి కేంద్రకాలను తొందరపెట్టినవి. నేడు రోగి నరంలోకి ఎక్కించే గెడోలినియం మందుకు ఇది తాతవంటిది.

ఉదజని కేంద్రకం ఏ పౌనఃపున్యం దగ్గర పలుకుతుందన్నది అయస్కాంత బలాన్ని బట్టి ఉంటుంది. ఒక టెస్లాకు 42.58 మెగాహెర్ట్‌జ్ లెక్క. పెద్ద ఆసుపత్రులలో సాధారణంగా కనిపించే 1.5 టెస్లా యంత్రంలో అది సుమారు 64 మెగాహెర్ట్‌జ్. ఈ లెక్క ప్రకారం ఒకే అయస్కాంతంలో ఉన్న ఉదజని అంతా ఒకే స్వరంతో పలకాలి. భౌతికశాస్త్రజ్ఞులు మొదట అట్లానే అనుకొన్నారు. వారి ధ్యేయం ఒక్కొక్క కేంద్రకపు అయస్కాంత స్వభావాన్ని ఖచ్చితంగా కొలవటం. 1950లో స్టాన్‌ఫర్డులో ప్రాక్టర్, యు అనే ఇద్దరు నత్రజని కేంద్రకాన్ని కొలవదలచి అమ్మోనియం నైట్రేటును తీసుకొన్నారు. ఒక్క గీత రావలసినచోట రెండు గీతలు వచ్చినవి. అమ్మోనియంలోని నత్రజని ఒక స్వరం, నైట్రేటులోని నత్రజని మరొక స్వరం పలికినవి. అంటే కేంద్రకం తాను ఏ అణువులో, ఎవరి పొరుగున ఉన్నదో కూడా చెబుతున్నదన్న మాట. కేంద్రకాన్ని కొలవాలనుకొన్నవారికి ఇది చికాకు. రసాయన శాస్త్రజ్ఞులకు మాత్రం నిధి దొరికింది.

ఆ నిధి విలువను స్పష్టంగా చూపినవారిలో ఒక భారతీయుడున్నాడు. 1951లో ఆర్నాల్డ్, పకార్డ్‌లతో కలిసి స్టాన్‌ఫర్డులో పనిచేసిన శ్రీనివాస ధర్మట్టి, ఇథైల్ ఆల్కహాలులోని ఉదజని ఒక్క స్వరం కాదనీ, మూడు స్వరాలనీ చూపినాడు. వాటి పరిమాణాలు 1:2:3 నిష్పత్తిలో ఉన్నవి. ఇథైల్ ఆల్కహాలు అణువును కాగితం మీద గీసి చూచిన ఏ విద్యార్థికైనా ఈ సంఖ్యలు ఎక్కడివో తెలుస్తాయి. ఆమ్లజనికి అంటుకొన్న ఉదజని ఒకటి, మధ్య కర్బనానికి రెండు, కొస కర్బనానికి మూడు. ధర్మట్టి తరువాత స్వదేశానికి వచ్చి, బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఈ విద్యకు పునాది వేశాడు.

ఈ మార్పుకు కారణం ఎలక్ట్రాన్ల మేఘం. అది కేంద్రకాన్ని గొడుగువలె కప్పి, బయటి అయస్కాంతాన్ని కాస్తంత అడ్డుకొంటుంది. నీటిలోని ఆమ్లజని ఎలక్ట్రాన్లను తనవైపు లాగుకొంటుంది గనుక అక్కడి ఉదజనికి గొడుగు పలచన. క్రొవ్వులో కర్బనం అంతగా లాగదు గనుక గొడుగు దట్టం. కనుక క్రొవ్వులోని ఉదజని నీటిలోని దానికంటె కొంచెం తగ్గు స్వరంలో పలుకుతుంది. ఎంత తగ్గు? పదిలక్షలకు మూడున్నర వంతులు. 64 మెగాహెర్ట్‌జ్ మీద లెక్కకడితే సుమారు 220 హెర్ట్‌జ్. ఈ చిన్న సంఖ్యను పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాతి కథంతా దీనిమీదనే నడుస్తుంది.

రసాయనపు పొరుగును బట్టి స్వరం మారుతుందన్న ఈ సూత్రం, జీవకణజాలంలో కూడా పనిచేస్తుందా? ఈ ప్రశ్నకు వచ్చిన ప్రసిద్ధమైన జవాబులలో ఒకదానికీ పశ్చిమగోదావరి జిల్లాకూ సంబంధం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కేతో కలిసి, భాస్వరాన్ని రంగుద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితోనే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థం ఉన్నదని కనుగొన్నారు. ఇంగ్లండులో ఎగ్లిటన్ దంపతులు కూడా ఆ రోజుల్లోనే దానిని వేరుగా పట్టుకొన్నారు. అది అతి సున్నితమైన పదార్థం. ఆమ్లం తగిలితే చాలు విడిపోయి మామూలు ఫాస్ఫేటుగా లెక్కకు వస్తుంది. అందుకే అంతకుముందు కొలిచినవారందరూ దానిని ఫాస్ఫేటనే అనుకొన్నారు. 1974లో ఆక్స్‌ఫర్డులో హౌల్ట్, రాడా మొదలైనవారు అప్పుడే తీసిన ఎలుక కాలి కండరాన్ని నూరకుండా, ఆమ్లంలో వేయకుండా అయస్కాంతంలో ఉంచి భాస్వరపు స్వరాలను విన్నారు. ఫాస్ఫేటు ఒకచోట, ఏ.టి.పి. తాలూకు మూడు ఫాస్ఫేట్లు మూడుచోట్ల, వాటన్నిటినీ మించిన శిఖరంగా ఫాస్ఫోక్రియేటిన్ వేరొకచోట పలికినవి. సుబ్బారావుగారు రంగునీళ్ళతో ఎంతో నేర్పుగా విడదీసినదానిని అయస్కాంతం తాకకుండానే విడదీసింది. కణజాలం లోపల ఏ అణువు ఏదో స్వరాన్ని బట్టి చెప్పవచ్చునని దీనితో రుజువైనది. క్రొవ్వును నీటినుంచి విడదీయటం కూడా ఇదే సూత్రానికి మరొక ఉపయోగం.

ఈలోగా బొమ్మలు తీసే విద్య పుట్టింది. 1973లో లాటర్‌బర్ అయస్కాంత బలాన్ని ఒకవైపునుంచి మరొకవైపుకు క్రమంగా మార్చి, స్వరాన్ని బట్టి స్థానాన్ని తెలుసుకొనే ఉపాయం కనిపెట్టి, రెండు సన్నని నీటిగొట్టాల బొమ్మ తీశాడు. ఇంగ్లండులో మాన్స్‌ఫీల్డు ఈ విద్యను వేగవంతం చేశాడు. వీరిద్దరికీ 2003లో నోబెల్ బహుమానం వచ్చింది. లాటర్‌బర్ గొట్టాలలో ఉన్నది నీరు మాత్రమే. మనిషిని అందులో పడుకోబెట్టినప్పుడు క్రొవ్వు తన చిక్కును బయటపెట్టింది. స్వరమే స్థానాన్ని చెప్పేటప్పుడు, 220 హెర్ట్‌జ్ తగ్గు స్వరంలో పలికే క్రొవ్వు తానున్న చోటుకు కాస్త పక్కకు జరిగి కనిపిస్తుంది. అది చిన్న ఇబ్బంది. దాని తెల్లదనం పెద్ద ఇబ్బంది.

1984లో డిక్సన్ చెప్పిన ఉపాయం సంగీతం తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది. తంబురాలో రెండు తీగలు దాదాపు ఒకే శ్రుతిలో ఉండి కొంచెం తేడా ఉంటే, వాటి ధ్వని ఒకసారి హెచ్చి, ఒకసారి తగ్గి, అలలు అలలుగా వినిపిస్తుంది. రెండు తీగలూ కలిసి పలికినప్పుడు హెచ్చు, ఎదురుపడినప్పుడు తగ్గు. నీరూ క్రొవ్వూ అటువంటి రెండు తీగలే. 1.5 టెస్లాలో అవి సుమారు 2.3 మిల్లీసెకన్లకు ఒకసారి ఎదురుపడతాయి, 4.5 మిల్లీసెకన్లకు తిరిగి కలుస్తాయి. డిక్సన్ రెండు బొమ్మలు తీయమన్నాడు. మొదటిది కలిసినప్పుడు: నీరు, క్రొవ్వుల మొత్తం. రెండవది ఎదురుపడినప్పుడు: నీటినుంచి క్రొవ్వు తీసివేయగా మిగిలినది. రెండు బొమ్మలనూ కూడితే నీరు మాత్రం రెట్టింపై మిగులుతుంది. ఒకదానినుంచి మరొకటి తీసివేస్తే క్రొవ్వు మాత్రం మిగులుతుంది. ఎనిమిదో తరగతి బీజగణితం చాలు. ఈ ఉపాయం అందమైనదే గాని, అయస్కాంతం అంతటా సమానంగా ఉన్నదని అది నమ్ముకొన్నది. ఆ రోజుల యంత్రాలలో ఆ నమ్మకం నిలవలేదు. అందుచేత అది చాలాకాలం మూలన పడి ఉన్నది.

1985లో లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో పనిచేసే బైడర్, యంగ్‌లు మరొక దారి పట్టారు. వారు స్వరాన్ని పట్టించుకోలేదు. విశ్రాంతి కాలాన్ని పట్టుకొన్నారు. దీనికి కొల్లేటి బెస్తలకు తెలిసిన పోలిక ఒకటి ఉన్నది. తేలికైన వల బెండును, నీరు పీల్చిన కొయ్యముక్కను ఒకే లోతుకు ముంచి వదలినామనుకోండి. బెండు చటుక్కున పైకి వస్తుంది, కొయ్య మెల్లగా వస్తుంది. ఉపరితలంనుంచి ఎంత దూరాన ఉంటే అంత సంకేతం వస్తుందని నియమం పెట్టుకొందాం. సరిగ్గా బెండు నీటిమట్టానికి చేరిన క్షణాన బొమ్మ తీస్తే, బెండు సంకేతం సున్న. కొయ్య ఇంకా అడుగునే ఉన్నది గనుక దాని సంకేతం దండిగా ఉంటుంది. రేడియో తరంగంతో కేంద్రకాలన్నిటినీ తలక్రిందులు చేయటమే ముంచటం. క్రొవ్వు విశ్రాంతి కాలం 1.5 టెస్లాలో సుమారు 250 మిల్లీసెకన్లు గనుక, దానిని 0.69 చేత గుణించగా వచ్చే 170 మిల్లీసెకన్ల దగ్గర అది సున్నను దాటుతుంది. నీరు చేరిన రోగభాగానికి అంతకు ఎన్నో రెట్ల కాలం పడుతుంది. ఈ పద్ధతికి స్టిర్ అని పేరు. అయస్కాంతం కొంచెం అసమానంగా ఉన్నా దీనికి పట్టింపు లేదు. వెన్నుపూస మూలుగలో నీరు చేరిన సంగతిని ఇంత నమ్మకంగా చూపే పద్ధతి చాలాకాలం మరొకటి లేదు.

అదే ఏడు జర్మనీలోని గోటింగెన్‌లో హాజ, ఫ్రామ్ మొదలైనవారు మూడవదారి చూపారు. వరిచేలో కలుపు తీసినట్లు, బొమ్మ తీయటానికి ముందే క్రొవ్వు స్వరానికి మాత్రమే శ్రుతి చేసిన రేడియో తరంగాన్ని పంపి, క్రొవ్వు సంకేతాన్ని చెదరగొట్టి, మిగిలిన నీటితో బొమ్మ తీయటం. దీనిని చెస్ అంటారు. దీనిలో సమయం ఎక్కువ పట్టదు, మామూలు బొమ్మలన్నిటికీ ముందు దీనిని తగిలించవచ్చు. అందుకే ఇది ఆసుపత్రులలో త్వరగా వ్యాపించింది. క్రొవ్వు కూడా పూర్తిగా ఒకే స్వరం కాదు. దానిలో కొద్దిభాగం నీటి స్వరానికి దగ్గరగానే పలుకుతుంది. ఆ కాస్తా ఈ కలుపుతీతకు దొరకదు. అది క్షమించదగిన లోపమే.

గెడోలినియం మందు కూడా ఈ సంవత్సరాలలోనే వచ్చింది. గెడోలినియం అరుదైన మృత్తికాలోహాల కుటుంబానికి చెందినది. భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే మోనజైటు ఖనిజంలో ఈ కుటుంబం వారు కలిసి ఉంటారు. దాని అయానులో జతపడని ఎలక్ట్రాన్లు ఏడు. ఇనుము అయాను కంటె ఇది బలమైన తొందరపెట్టుడు. ఒంటరిగా అది విషం గనుక, డి.టి.పి.ఎ. అనే అణువు పట్టులో దానిని బంధించి ఇస్తారు. 1984లో బెర్లినులోని షెరింగ్ సంస్థకు చెందిన వైన్‌మన్, అతని తోటివారు ఈ మందు గుణాలను ప్రకటించారు. ఆ ఏడే హామర్‌స్మిత్‌లో దానిని మెదడు గడ్డలున్న రోగులకు ఇచ్చి చూచారు. 1988లో అమెరికాలో అనుమతి లభించింది.

ఇప్పుడు రెండు కథలూ కలిసే చోటికి వచ్చాం. మందు ఎక్కించిన వెన్నుకు మూడు పద్ధతులలో ఏది తగును? ముందు స్టిర్‌ను చూద్దాం. గెడోలినియం చేసే పని విశ్రాంతి కాలాన్ని తగ్గించటం. మందు పీల్చిన రోగభాగం ఇక నీరు పట్టిన కొయ్య కాదు, అదీ బెండువంటిదే అయినది. బెండు మట్టానికి చేరే క్షణానికే ఇది కూడా చేరవచ్చును. అప్పుడు క్రొవ్వుతోపాటు రోగం కూడా మాయమవుతుంది! స్టిర్ క్రొవ్వును పేరుపెట్టి పిలవదు. ఆ వేగంతో పైకి వచ్చే దేనినైనా తుడిచివేస్తుంది. కనుక మందు ఎక్కించకముందు స్టిర్ ఎంత విశ్వసనీయమో, ఎక్కించిన తరువాత అంత అపాయకరం. వరుస తప్పి, మందు తరువాత స్టిర్ బొమ్మ తీసి, అందులో చీముగడ్డ అంచు కనిపించలేదు గనుక లేదని అనుకొంటే, నష్టపోయేది రోగి వెన్నుపాము. పాత రక్తం నిలిచిన గాయాల విషయంలోనూ ఇటువంటి మోసమే జరగవచ్చును.

ఇక చెస్. అది స్వరాన్ని చూస్తుంది గనుక మందువల్ల దానికి ఇబ్బంది లేదు. దాని శత్రువు వేరు. 1.5 టెస్లాలో పదిలక్షలకు మూడున్నర వంతులంటే సుమారు 5 మైక్రోటెస్లాలు. మన ప్రాంతంలో దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంత బలం 40 మైక్రోటెస్లాల పైచిలుకు. అంటే, భూమి బలంలో ఎనిమిదోవంతు తేడా వస్తే చాలు, అక్కడి నీరు క్రొవ్వు స్వరంతో పలుకుతుంది. అప్పుడు కలుపుకు బదులు వరిమొక్కే పీకబడుతుంది. మెడ క్రింద, వెన్ను ఊపిరితిత్తుల పక్కగా పోయేచోట, గాలికీ కణజాలానికీ మధ్య ఇటువంటి తేడాలు సహజంగానే వస్తాయి. పూసలు కూలకుండా బిగించిన లోహపు మరలు, కడ్డీలు ఉన్నచోట ఇంకా ఎక్కువ. టైటానియం కొంత నయం, ఉక్కు మరీ కష్టం.

ఒక రోగికి వెన్నులో క్షయకు శస్త్రచికిత్స జరిగి, కడ్డీలు బిగించి ఉన్నవనీ, కొన్ని నెలలకు మళ్ళీ జ్వరమూ నొప్పీ వచ్చినవనీ అనుకొందాం. మచ్చకట్టిన పాత కణజాలమా, మళ్ళీ చేరిన చీమా తేల్చాలి. మందు ఎక్కించక తప్పదు. లోహం ఉన్నది గనుక చెస్ పనికిరాదు. మందు ఉన్నది గనుక స్టిర్ పనికిరాదు. ఇటువంటప్పుడు పాతకాలపు ఉపాయం ఒకటి ఉన్నది: మందుకు ముందొక బొమ్మ, తరువాతొక బొమ్మ తీసి, రెండోదానినుంచి మొదటిది తీసివేయటం. మారనిదంతా, క్రొవ్వుతో సహా, పోతుంది. కాని నొప్పితో ఉన్న మనిషి రెండు బొమ్మల మధ్య వెంట్రుకవాసి కదలకుండా ఉండాలి. చెప్పినంత సులభం కాదు.

మూలన పడిన డిక్సన్ పద్ధతి ఈ అవసరంవల్లనే మళ్ళీ బయటికి వచ్చింది. రెండు సమీకరణాలతో రెండు తెలియని రాశులను, నీటిని, క్రొవ్వును, కనుక్కోవచ్చు. అయస్కాంతపు అసమానత మూడవ తెలియని రాశి. మూడో రాశికి మూడో సమీకరణం కావాలి. 1991లో గ్లోవర్, ష్నైడర్ మూడు బొమ్మలతో ఆ అసమానతను కూడా లెక్కగట్టి తొలగించే విధానం ప్రకటించారు. 2004, 2005 ప్రాంతాల్లో రీడర్, అతని తోటివారు గణనయంత్రాల సాయంతో దానిని ఇంకా మెరుగుపరచారు. ఈ పద్ధతి అయస్కాంతం సమానంగా ఉండాలని కోరదు. ఎంత అసమానంగా ఉన్నదో తానే కొలుచుకొంటుంది. విశ్రాంతి కాలంతో దానికి పని లేదు గనుక గెడోలినియంతో తగవు లేదు. మందు ఎక్కించిన వెన్నుకు, ముఖ్యంగా మెడ క్రింది భాగంలోనూ, లోహానికి కొంచెం ఎడంగానూ, నేడు తొలిస్థానం దీనికే ఇవ్వటం న్యాయం. ఐతే దీనికి తన తప్పు తనకున్నది. లెక్కలో ఒకచోట దారి తప్పితే నీటిని క్రొవ్వనీ, క్రొవ్వును నీరనీ తారుమారు చేస్తుంది. లోహానికి మరీ దగ్గరగా ఇదీ తడబడుతుంది. బొమ్మ చూచేవారు రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూడటం అలవాటు చేసుకోవాలి.

అంతమాత్రాన మిగిలినవి పనికిరానివని కాదు. శాశ్వత అయస్కాంతాలతో పనిచేసే తక్కువ బలపు యంత్రాలున్నవి. 0.3 టెస్లా దగ్గర నీటికీ క్రొవ్వుకూ తేడా 45 హెర్ట్‌జ్ మాత్రమే. అంత సన్నని తేడాను చెస్ పట్టలేదు. అక్కడ మందుకు ముందు తీసే స్టిర్ బొమ్మే ఆధారం. మందు ఇవ్వరాని రోగులూ ఉంటారు. మూత్రపిండాలు బాగా చెడినవారిలో కొన్ని రకాల గెడోలినియం మందులవల్ల చర్మం గట్టిపడిపోయే వ్యాధి వస్తున్నదని 2006లో బయటపడింది. లోహాన్ని వదులుగా పట్టుకొనే పొడవు అణువులతో చేసిన మందులలో పలువాటిని 2017లో ఐరోపాలో నిలిపివేశారు. ఉంగరంవంటి అణువు మధ్య లోహాన్ని బంధించిన మందులు సురక్షితమని తేలింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎంతగా పాతుకొన్నదో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. అటువంటి ప్రాంతంనుంచి వచ్చిన రోగికి నడుమునొప్పి అయితే, మందు ఎక్కించాలా వద్దా అనేది రక్తపరీక్ష చూచిన తరువాతనే నిర్ణయించాలి. మందు లేకుండా స్టిర్‌తో సరిపెట్టుకోవలసిన సందర్భాలు ఎన్నో వస్తాయి.

డిక్సన్ పద్ధతిలో నీటి బొమ్మతోపాటు ఒక క్రొవ్వు బొమ్మ కూడా ఉచితంగా వస్తుంది. మొదట్లో దానిని ఎవరూ పెద్దగా చూడలేదు, పారవేయదలచినది దాచటమెందుకని. తరువాత దానికీ పని దొరికింది. వృద్ధులలో వెన్నుపూస కుంగినప్పుడు, అది ఎముక డొల్లబారటంవల్లనా, లేక ఎక్కడినుంచో వచ్చి చేరిన కాన్సరువల్లనా అన్నది పెద్ద ప్రశ్న. డొల్లబారి కుంగిన పూసలో మూలుగ క్రొవ్వు చాలావరకు మిగిలే ఉంటుంది. కాన్సరు కణాలు చేరిన పూసలో అవి క్రొవ్వును త్రోసివేసి ఆ చోటు ఆక్రమిస్తాయి. నీరూ క్రొవ్వూ కలిసి పలికినప్పటికంటె ఎదురుపడినప్పుడు పూస సంకేతం నూటికి ఇరవైవంతులకు మించి తగ్గితే, అక్కడ క్రొవ్వు ఇంకా ఉన్నదని, కనుక కాన్సరు కాకపోవచ్చునని వైద్యులు భావిస్తారు. ఈ కొలతకు గెడోలినియం అవసరం లేదు, సూదిపోటు లేదు, 2.3 మిల్లీసెకన్ల దగ్గర ఒక బొమ్మ, 4.5 మిల్లీసెకన్ల దగ్గర మరొక బొమ్మ చాలు.